కరువుసీమలో చెమ్మగోడ

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు. ఇల్లు కొని చూడమని మాత్రం పెద్దలు ఎక్కడా అన్నట్టు లేదు. ఆ కాలంలో ఎవరి ఇల్లు వారే కట్టుకునేవారు గనుక ఆ అవసరం రాలేదు కాబోలు. కట్టించేవాడికి కష్టాలన్నీ గృహప్రవేశానికి ముందే వస్తాయి. కొన్నవాడికి ఆ మర్నాటినుంచి మొదలవుతాయి.

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో హిందూపురంనుంచి ఒక సోదరి వ్రాసినది నాలుగు పుటలున్నది. పేరు వెయ్యవద్దన్నారు గనుక వెయ్యడం లేదు. వారి భర్తగారు హైస్కూలు పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. చేతికి వచ్చిన డబ్బుకు బ్యాంకు అప్పు కొంత కలిపి, అదే ఊళ్ళో పదేళ్ళ క్రితం కట్టిన ఇల్లు కొన్నారు. హాలు, రెండు గదులు, వంటిల్లు, చిన్న దేవుని గది. కొనేముందు అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారు. సర్వేయరు వచ్చి గొలుసు లాగి నాలుగు హద్దులూ చూపించాడు. ముప్పై ఏళ్ళకు ఈసీ తీయించారు. పాత దస్తావేజులన్నీ వకీలు చదివి సరేనన్నాడు. బ్యాంకు పంపిన ఇంజనీరు పావుగంటసేపు తిరిగి, ఇంటికి విలువ కట్టి వెళ్ళాడు. మాఘమాసంలో పాలు పొంగించారు.

శ్రావణం వచ్చేసరికి హాల్లో లోపలి గోడకు అడుగున రంగు ఉబ్బింది. గోటితో గీకితే పెచ్చు లేచి వచ్చింది. దానికింద ఇంకో రంగు, దానికింద పుట్టీ, ఆ కింద పిండి రాలినట్టు తెల్లటి ఉప్పు! దసరా నాటికి మరక నడుము ఎత్తుకు ఎక్కింది. మేస్త్రీని పిలిస్తే, "ఏం కాదక్కా, పాత పూత కొట్టేసి గట్టిగా సిమెంటు పూత వేసేస్తే సరిపోతుంది" అని, హాలుకూ రెండు గదులకూ కలిపి లక్షా ముప్పై వేలు చెప్పాడు. ఇంట్లో మిగిలిన రొక్కం దాదాపు అంతే. పంతులుగారేమో అమ్మినాయన మోసం చేశాడు, కోర్టుకు లాగుతానంటున్నారు. అమ్మినాయన అదే వీధిలో పెద్దమనిషి. ఆయన కొడుకు పంతులుగారి శిష్యుడే.

"ఇల్లు చూడబోయిన రోజే నాకు ముక్కవాసన కొట్టింది. ఆ మాటే అన్నాను. మూసిపెట్టిన ఇల్లు గదా అలాగే ఉంటుంది, అయినా ఈ కరువుసీమలో గోడకు చెమ్మ ఎక్కణ్ణించి వస్తుందే అని మావారు నవ్వారు" అని వ్రాశారు ఆ సోదరి. ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు. సర్వే చేయించినా ఈ సంగతి ఎందుకు తెలియలేదు? మేస్త్రీ చెప్పిన పూత వేయించవచ్చునా? మూడోది పట్టుచీరల గురించి. దానికి చివర వస్తాను.

సర్వే అన్న మాట దగ్గరే మనవాళ్ళు చాలామంది పొరపడుతున్నారు. మన దేశంలో సర్వే అంటే నేలను కొలవడం. గోడను పరీక్షించడం సర్వేయరు పనిలో చేరదు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలుపెట్టినప్పుడు డ్రోన్లు ఎగరేశారు. ఆకాశంలోనుంచి చూసే ఆ యంత్రానికి మీ ప్రహరీ ఎక్కడున్నదో తెలుస్తుందిగాని, ప్రహరీలోపల గోడ నీరు తాగుతున్నదో లేదో తెలియదు. ఈసీ చూస్తే ఇల్లు ఎవరికైనా తాకట్టు ఉన్నదా అన్నది తెలుస్తుంది. బ్యాంకు ఇంజనీరు వచ్చేది తమ అప్పుకు ఈ ఇల్లు చాలునా అని చూసుకోవడానికి. అతను బ్యాంకు మనిషి, మీ మనిషి కాడు. ఇంతమంది వచ్చి వెళ్ళినా గోడను చూడమని ఎవరినీ ఎవరూ అడగలేదు. చూసినది మీ ముక్కు ఒక్కటే, అమ్మా.

ఇంగ్లండులో ఈ ఏర్పాటు వేరుగా ఉన్నది. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళను అడగండి. ఇల్లు కొనేముందు రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ అనే సంస్థకు చెందిన సర్వేయరును కొనేవాళ్ళే డబ్బిచ్చి పెట్టుకుంటారు. మూడు తరగతుల సర్వేలున్నాయి. ఆ సర్వేయరు గోడకు చిన్న మీటరు ఆనించి తేమ ఎంతున్నదో చూసి నివేదిక వ్రాసి ఇస్తాడు. అయితే సాధారణ తరగతి సర్వేలో అతను బరువైన బీరువాలు జరపడు, తివాచీలు ఎత్తడు. అందుచేత ఇల్లు చేతికి వచ్చి, పాతవాళ్ళ సామాను కదిలిన రోజున బీరువా వెనక నల్లటి బూజు కనబడి గుండె గుభేలుమన్న కథలు అక్కడా బోలెడు. వర్షాలూ చలీ ఉన్న ఆ దేశానికి చెమ్మ సహజం. హిందూపురానికేం వచ్చింది?

పంతులుగారి నవ్వులో న్యాయం లేకపోలేదు. 2022 ఏప్రిలులో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ అంతకుముందు అనంతపురం జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకు సాలుకు కురిసే వాన 550 మిల్లీమీటర్ల మాటు. దేశంలో జైసల్మేరు తరువాత అంత తక్కువ వాన ఇక్కడేనని చెప్పుకుంటారు. కాని గోడ తాగేది ఆకాశంలోని నీరు ఒక్కటే కాదు గదా! నిజానికి వానలు లేని ఊళ్ళోనే ఈ బాధ కొన్నిచోట్ల ఎక్కువ కనబడుతుంది. ఎందుకో వినండి.

ఇటుకలోనూ, దాని మధ్యనున్న సున్నం సిమెంటులోనూ వెంట్రుకకన్న సన్నని దారులుంటాయి. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టు, ఆ దారులు నేలలోని తడిని పైకి లాగుతాయి. మామూలుగా మూడడుగుల ఎత్తువరకు వస్తుంది. ఆ తడిలో నేలలోని ఉప్పు కరిగి ఉంటుంది. గోడపైకి వచ్చాక నీరు గాలికి ఆరిపోతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. మిగిలిన ఉప్పు పలుకులుగా పెరిగి, లోపలినుంచి పూతను తోసేస్తుంది. మీ గోడమీద ఉబ్బు అదే. గాలి ఎంత పొడిగా ఉంటే తడి అంత త్వరగా ఆరుతుంది, ఉప్పు అంత ఎక్కువగా పేరుకుంటుంది. కోనసీమలో గోడ పాచిపడుతుంది. సీమలో గోడ చౌడెక్కుతుంది.

చౌడు అనగానే ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. రాయలసీమ పాత మట్టిమిద్దెలు చూసినవారికి తెలిసే ఉంటుంది. గోడలమీద దూలాలు, దూలాలమీద దంతెలు, వాటిపైన బండలో చెక్కలో పరచి, మట్టివేసి, అన్నిటికీ పైన చౌడుమన్ను పరిచేవారు. ఆ మన్నులో సోడియం ఉప్పులు ఎక్కువ. చినుకు పడగానే అందులోని మెత్తటి రేణువులు విడిపోయి, సందులన్నీ పూడుకుపోయి, నీరు దిగని పొరగా తయారవుతుంది. అందుకని ఏటా వానలకు ముందు చౌడుమన్ను తెచ్చి మిద్దెమీద చల్లుకోవడం పెద్ద పని. బండ్లమీద దూరంనుంచి తోలుకొచ్చేవారు. ఏ కంపెనీ డబ్బా లేకుండా మన తాతలు కనిపెట్టిన వాటర్‌ప్రూఫ్ అది! తలమీద ఉన్నంతకాలం ఇంటిని కాపాడిన ఆ చౌడే కాళ్ళకింద చేరితే గోడను తినేస్తుంది. చెరువు కట్ట దిగువన, పల్లంలో, ఒకప్పుడు తెల్లగా చౌడుతేలి పంట పండక బీడు పడిన నేలలు ప్లాట్లుగా మారిన ఊళ్ళు ఈ జిల్లాలో తక్కువేమీ కాదు. ఇల్లు కొనబోయేవారు ఆ చుట్టుపక్కల వయసు మళ్ళినవారిని పిలిచి, "ఇక్కడ పూర్వం ఏం పండేదప్పా?" అని ఒక్క మాట అడిగితే చాలు. ఏ దస్తావేజులోనూ లేని సంగతి బయటపడుతుంది.

కట్టేటప్పుడు వాడిన నీళ్ళకూ ఇందులో వాటా ఉన్నది. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఇనుము లేనిదానికి 2,000 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు నియమం. లోతు బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట ఎవరు పరీక్ష చేయించి కలుపుతున్నారు?

ఇక వీధి సంగతి. ఇంటి బేస్మట్టం చుట్టూ నేలకన్న కనీసం 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తుండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. మీ ఇల్లు కట్టిననాడు ఉండే ఉంటుంది. ఆ తరువాత పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్త సిమెంటు రోడ్డు పోశారు. తరువాత కాలువకట్ట లేపారు. ఇంటివారు వాకిలికి బండలు పరిచారు. ఇల్లు ఎక్కడిదక్కడే ఉన్నది, వీధి మాత్రం ఎదిగిపోయింది! పునాదిమీద చెమ్మను ఆపడానికి వేసే పొర, మేస్త్రీలు డీపీసీ అంటారు, అది నేలకు పైన ఉంటేనే పనిచేస్తుంది. మట్టి దానిని దాటి గోడను తాకితే, చెమ్మ ఆ పొరను దాటనక్కరలేదు, పక్కనుంచి నడిచి వస్తుంది.

అయితే, సోదరీ, మీ గోడకు వీటిలో ఏదీ ముఖ్యకారణం కాదేమోనని నా అనుమానం. మీరు మూడో పుటలో యథాలాపంగా ఒక మాట వ్రాశారు: "వేసవిలో నాలుగు రోజులకోసారి నీళ్ళు వచ్చి నానా అవస్థ పడ్డాము. ఇప్పుడు పోర్టికో కింది సంపు నిండుగా ఉంటున్నది, అదొక్కటే సంతోషం." పోర్టికో హాలును ఆనుకునే ఉంటుంది గదా. వేసవిలో సంపు అడుగంటినప్పుడు గోడ పొడిగా ఉన్నది. సంపు నిండాక గోడ తడిసింది. మరక వాననుబట్టి వచ్చిందా, సంపునుబట్టి వచ్చిందా?

నీటి ఎద్దడి ఉన్న ఊళ్ళల్లో ఈ విచిత్రం తరచు చూస్తాము. నీళ్ళు రోజూ రావు గనుక ప్రతి ఇంటా నేలలో సంపు కట్టుకుంటారు. చోటు చాలక పునాదిని ఆనించి కడతారు. పదేళ్ళకు లోపలి పూత సన్నగా నెరియలిస్తుంది. ఎంతో కష్టపడి దాచుకున్న నీళ్ళు ఎవరికీ కనబడకుండా పునాదిలోకి దిగిపోతుంటాయి. పరీక్షకు పైసా ఖర్చులేదు. రాత్రి సంపు నిండా పట్టి, లోపలికి వచ్చే పైపూ మోటారూ రెండూ కట్టేసి, నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. 24 గంటలు ఆగి చూడండి. మూత ఉన్న సంపులో ఆవిరయ్యేది బహు స్వల్పం. ఎనిమిదడుగుల పొడవు ఆరడుగుల వెడల్పు సంపులో మట్టం ఒక్క అంగుళం దిగిందంటే 113 లీటర్ల నీళ్ళు పోయినట్టు. నెలకు 3,400 లీటర్లు! ట్యాంకరుకు డబ్బిచ్చి కొనుక్కున్న నీళ్ళు మీ హాలు గోడ తాగుతున్నదన్నమాట.

సంపు మట్టం దిగకపోతే మిద్దెమీది ట్యాంకును, గోడలోని పైపులను అనుమానించాలి. రాత్రి పడుకునేముందు కొళాయిలన్నీ కట్టి, పైట్యాంకు మట్టం గుర్తుపెట్టుకుని, తెల్లవారి చూస్తే ఆ గుట్టూ తేలుతుంది. గోడ అవతల స్నానాలగది ఉంటే నీళ్ళు పోయే జాలీ చుట్టూ సిమెంటు విడిచిందేమో చూడండి.

గోడ లోపలినుంచి తడుస్తున్నదా, గదిలోని ఆవిరి చల్లటి గోడమీద పేరుకుంటున్నదా అన్న సందేహం వంటింటి దగ్గర వస్తుంటుంది. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం తీసుకుని, నాలుగంచులూ గాలి చొరకుండా గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనకవైపు, అంటే గోడవైపు నీటిబొట్లు కడితే తడి గోడలోదే. గదివైపు కడితే కిటికీలు తెరవక వచ్చిన బాధ, దానికి మేస్త్రీ అక్కరలేదు. చేతి మీటర్లు ఈమధ్య బజారులో దొరుకుతున్నాయి. కాని ఉప్పు పట్టిన గోడమీద అవి ఉన్నదానికన్న ఎక్కువ చూపిస్తాయి. ఆ అంకె చూసి బెదిరి వేలకు వేలు పోసి మందులు కొనకండి.

పెనుకొండనుంచి వచ్చే ఉత్తరాల్లో గొడవ ఇంకో రకంగా ఉంటుంది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న ఊరు అది. కొండ, కోట, గగనమహలు చూడడానికి వెళ్ళినవారు పాతవీధుల్లో రెండడుగుల మందాన రాయీ మట్టీ కలిపి కట్టిన ఇళ్ళను కూడా చూసి ఉంటారు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ 2019లో కార్లు తయారుచెయ్యడం మొదలుపెట్టాక అటువైపు ఇళ్ళకు గిరాకీ వచ్చింది. పాత ఇల్లు కొన్నవారు మొదట చేసే పని దానిని కొత్తదిగా కనబడేట్టు చెయ్యడం. సున్నపు పూత కొట్టేసి లోపలా బయటా సిమెంటు వేస్తారు. నేలను టైల్సుతో మూసేస్తారు. రెండో వానాకాలానికి, అన్నేళ్ళు నిక్షేపంగా ఉన్న గోడ చెమ్మగిల్లుతుంది. దెయ్యం పట్టిందన్నవారిని కూడా నేనెరుగుదును!

దెయ్యమూ లేదు, శాపమూ లేదు. ఆ మట్టిగోడ ఎప్పుడూ నేలనుంచి కొంత తడి పీలుస్తూనే ఉన్నది. పగటి ఎండకు సున్నపు పూతలోనుంచి ఆ తడి వదులుకునేది. మనం సిమెంటుతో దాని ఒళ్ళంతా కప్పేశాము. వదలడానికి దారిలేని తడి, దారి దొరికే ఎత్తుదాకా పైకి ఎక్కుతుంది. హిందూపురం మేస్త్రీ చెప్పిన "గట్టి సిమెంటు పూత"కు నా జవాబు కూడా ఇక్కడే ఉన్నది. ఇప్పుడు నడుము ఎత్తున్న మరక వచ్చే ఏటికి భుజం ఎత్తుకు వస్తుంది. లక్షా ముప్పై వేలు పోతాయి, గోడ ఎప్పటిలాగే తడుస్తుంది. వేయించకండి.

ధర్మవరంలో చెమ్మ అంటే ఇంటి అందం చెడిపోవడంతో పోయే బాధ కాదు. అక్కడ ఎన్నో ఇళ్ళల్లో పడకగదికీ వంటింటికీ మధ్యనే గుంటమగ్గం ఉంటుంది. నేలలో మోకాలి లోతున గుంట తవ్వి, అందులో కాళ్ళుంచి కూర్చుని తొక్కుడుచెక్కలు తొక్కుతూ నేస్తారు. నేలలో ఊట లేస్తే మొదట తెలిసేది ఆ గుంటలోనే. 2021 నవంబరులో చిత్రావతి ఉప్పొంగి, వాగులో చిక్కుకున్నవారిని హెలికాప్టరుతో బయటకు తీసిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. అటువంటి ముసురు పట్టినప్పుడల్లా మగ్గం గుంటల్లోకి నీళ్ళు వచ్చి పని ఆగిపోయిందన్న కబురు ఆ ఊరినుంచి వస్తూనే ఉంటుంది. నీళ్ళు తోడేసినంతమాత్రాన మర్నాడు నేత సాగదు. పట్టు గాలిలోని తేమను పీల్చే స్వభావం కలది. మామూలు గాలిలోనే నూటికి 11 పాళ్ళ తేమ దానిలో ఉంటుంది. గది చెమ్మగిల్లితే ఇంకా పీల్చి, పడుగు వదులై బిగువు తప్పుతుంది. జరీలో వెండి నల్లబడుతుంది. గుంట ఆరేవరకు మగ్గం ఖాళీ, మగ్గం ఖాళీ అయితే ఇల్లు ఖాళీ. ధర్మవరంలో ఇల్లు కొనే నేతవారు గదులు చూడకముందే గుంటకు చోటు చూసి, చెరువు ఎక్కడ, వీధి ఎత్తు ఎంత అని అడుగుతారు. మన ఉద్యోగస్థులకు ఆ తెలివి అలవడాలి.

ఒక తమాషా చూశారా? ఆ పట్టు పుట్టే చోట చెమ్మకోసం తపస్సు చేస్తారు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు పేరు వినే ఉంటారు. చుట్టుపక్కల పల్లెల్లో పురుగులు పెంచే షెడ్లకు ఎండాకాలంలో తడి గోనెపట్టాలు వేలాడదీస్తారు. లేత పురుగుకు గాలిలో తేమ నూటికి 80 పాళ్ళపైన ఉంటేగాని ఆకు అరగదు. పురుగుకు అమృతమైనది గోడకు విషం.

ఇక చెయ్యవలసిన పనికి వద్దాం. ముందు సంపు పరీక్ష. దిగుతున్నదని తేలితే సంపు ఖాళీచేసి, కడిగి ఆరబెట్టి, లోపల నీరు దిగని పూత వేయించండి. కొద్ది వేలల్లో పోతుంది. అది పూర్తయ్యేవరకు హాలు గోడకు ఒక్క రూపాయి పెట్టవద్దు. తరువాత మరక ఉన్న ఎత్తుకన్న ఇంకో అడుగు పైదాకా పాత పూత మొత్తం ఊడగొట్టించి, ఇటుక కనబడేలా వదిలేయండి. చూడడానికి అసహ్యంగానే ఉంటుంది. వచ్చినవారికి కారణం చెబితే సరి. పైకి తేలిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, దులిపినది ఎత్తి బయట పారెయ్యండి. నీళ్ళతో కడగకూడదు సుమా! కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. గోడ ఆరడానికి మందం అంగుళానికి నెల పడుతుందని పాత లెక్క ఒకటున్నది. తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు. మీ ఊరి ఎండకు అంతకన్న త్వరగానే ఆరుతుంది గాని, ఒక పూర్తి వేసవి మాత్రం ఇవ్వవలసిందే.

నీరు ఆగిన తరువాత కూడా ముసురు రోజుల్లో గోడ మళ్ళీ తడిసినట్టు కనబడితే కంగారుపడకండి. గోడలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, ఉప్పుజాడీ వానాకాలంలో చెమర్చినట్టు. ఏడాదికేడాది తగ్గిపోతుంది. ఆరాక సున్నమూ ఇసుకా పూత, దానిపైన వెల్ల. ప్లాస్టిక్ రంగులు ఆ మూడడుగుల మేరకు వద్దు. అడుగు గోడకు టైల్సు అతికించమని సలహా ఇచ్చేవారున్నారు. మరక కనబడకుండా పోతుంది, నిజమే. దొంగను ఇంట్లోనే పెట్టి తలుపు వేసినట్టవుతుంది. అందుకే ఇల్లు కొనబోయేవారు లోపలి గోడలకు మూడడుగుల ఎత్తున కొత్త టైల్సుగాని, అడుగుభాగం ఒక్కటే కొత్త రంగుగాని కనబడితే ఆగి ఆలోచించాలి. వేలితో తట్టి చూస్తే పూత డొల్లగా మోగుతుంది. అడుగునున్న కరెంటు ప్లగ్గుల మరలు తుప్పుపట్టి ఉంటాయి. ద్వారబంధం అడుగు చెదలు తిని ఉంటుంది. చెద చెమ్మను వెతుక్కుంటూ వస్తుంది. కుదిరితే ఇంటిని వేసవిలో ఒకసారి, మంచి వాన కురిసిన మర్నాడు ఒకసారి చూడండి.

సంపు నిర్దోషి అని తేలి, తడి నేలనుంచే వస్తున్నదనుకోండి. అప్పుడు మొదట ఇంటి చుట్టూ పెరిగిన మట్టిని అడుగు లోతు తీయించి, నీరు పోయే వాలు పెట్టించాలి. ఇటుకగోడలో డీపీసీ లేకపోతేనో పాడైతేనో, అడుగు వరుసలో నాలుగైదంగుళాలకొక రంధ్రం తొలిచి నీటిని ఆపే మందు ఎక్కించే పద్ధతి ఒకటున్నది. మంచి ఇటుకగోడకు పనిచేస్తుంది. పెనుకొండ పాత రాతిగోడల్లో మాత్రం ఆ మందు డొల్లల్లోకి కారిపోతుంది, డబ్బు దండగ.

కోర్టు మాట. 1882నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే, అది చెప్పడం అతని విధి. ఒప్పందంలో వేరుగా వ్రాసుకుంటే తప్ప. పుట్టీకింద పుట్టీ, రంగుకింద రంగు ఉండడం మీకు ఉపయోగపడే సాక్ష్యమే. కాబట్టి పూత ఊడగొట్టేముందూ, ఊడగొడుతున్నప్పుడూ తారీఖు పడేలా ఫొటోలు తీసి ఉంచండి. కాని "మామూలు జాగ్రత్త" అన్న రెండు మాటలమీద వకీళ్ళు ఏళ్ళతరబడి వాదించగలరు. మీరు కొన్నది బిల్డరు కొత్తగా కట్టి అమ్మిన ఫ్లాటయి, ప్రాజెక్టు 2016నాటి రెరా చట్టం కిందికి వచ్చేదయితే సంగతి వేరు. స్వాధీనం చేసిన అయిదేళ్ళలోపు కట్టుబడి లోపం చూపిస్తే 30 రోజుల్లో ఉచితంగా బాగుచెయ్యవలసిన బాధ్యత అతనిది. పదేళ్ళ పాత ఇంటికి, సొంతదారు అమ్మినదానికి ఆ చట్టం అక్కరకు రాదు.

నేనయితే పంతులుగారిని నోటీసుకు ముందు ఆ పెద్దమనిషి ఇంటికి ఒకసారి వెళ్ళిరమ్మంటాను. తిట్టడానికి కాదు. సంపు ఎప్పుడు కట్టారు, ఏ మేస్త్రీ కట్టాడు, ఎన్నిసార్లు రంగు వేయించారు, ఎప్పుడు వేయించారు అని అడగడానికి. ఆ గోడ చరిత్ర తెలిసినవాడు ఆయన ఒక్కడే. చెబితే సగం పని తేలికవుతుంది, సంపు ఖర్చులో పాలు పంచుకుంటానన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. మొహం చాటేస్తే, ఫొటోలు ఎలాగూ ఉన్నాయి. వెళ్ళేటప్పుడు మీరు కూడా వెళ్ళండి. వాసన మొదట పట్టినది మీరు గదా, అడగవలసిన ప్రశ్నలు మీకే బాగా తోస్తాయి.

చీరల సంగతి. గోడలోని అలమరలో పట్టుచీరలు, మీ అమ్మగారిచ్చిన ధర్మవరం చీరతో సహా, ఉంచడం మంచిదా అని అడిగారు. ఈరోజే తీసెయ్యండి. గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా, కింద ఇటుకలు పెట్టి నిలబెట్టిన బీరువాలోకి మార్చండి. నూలు పాతగుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ సంచి వద్దు. నెలకొకసారి నీడన గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. ఎండిన వేపాకు గుడ్డమూట కట్టి అడుగున పెడితే చాలు. అలమర ఖాళీ అయ్యాక దాని తలుపులు తీసే ఉంచండి, ఆ గోడకు కూడా గాలి తగలాలి.